గడప దగ్గరి అర్థశాస్త్రం

పథకం అందిందా లేదా అని తేల్చే అంకెలు సచివాలయంలో పుట్టవు. ఊళ్లో ఎవరింటి అరుగు మీదో కూర్చుని ప్రశ్నలు అడిగే కుర్ర రీసెర్చ్ అసిస్టెంట్ చేతిలో పుడతాయి.

2018 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం రైతుబంధు చెక్కుల పంపిణీ మొదలుపెట్టింది. పంట పెట్టుబడి సాయంగా ఎకరాకు నాలుగు వేల రూపాయలు. ఊళ్లో సభ పెట్టి, పేరు పిలిచి, చెక్కు చేతిలో పెట్టారు. లబ్ధిదారులు 57 లక్షల మంది రైతులు. ఇంత పెద్ద పంపకంలో ఎవరికి అందింది, ఎవరి చెక్కు మండలాఫీసు బీరువాలోనే ఉండిపోయింది అన్నది హైదరాబాద్‌లో కూర్చున్న అధికారికి తెలిసేదెలా? కింది నుంచి పైకి వచ్చే నివేదికల్లో అంతా సవ్యంగానే కనిపిస్తుంది. అందనివాడు నివేదిక రాయడు కదా.

కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్, జెఫ్రీ వీవర్ అనే నలుగురు ఆర్థికవేత్తలు ప్రభుత్వంతో కలిసి ఆ దారి కాకుండా మరో దారి పట్టారు. నేరుగా రైతులకే ఫోన్ చేసి, చెక్కు వచ్చిందా, ఎప్పుడు వచ్చింది, బ్యాంకులో సొమ్ము తీసుకున్నారా అని అడిగించారు. లాటరీ పద్ధతిలో కొన్ని మండలాలను ఎంచి, మీ రైతులకు ఇలా ఫోన్లు వెళ్తాయని, మీ పనితీరును వాటితోనే కొలుస్తామని అక్కడి అధికారులకు ముందే చెప్పారు. మిగతా మండలాల్లో ఆ మాట చెప్పలేదు. చెప్పినచోట చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. ఇలా అదనంగా రైతుకు చేరిన ప్రతి వంద రూపాయలకూ అయిన ఖర్చు మూడు రూపాయల అరవై పైసలు. ఎవరినీ సస్పెండ్ చేయలేదు, కొత్త చట్టమేదీ తేలేదు. అడుగుతారన్న సంగతి ముందే తెలియడంతోనే పని జరిగింది.

అర్థశాస్త్రానికీ ప్రభుత్వ విధానానికీ ఉన్న బంధాన్ని ఇంతకంటే సూటిగా చూపే ఉదాహరణ మన దగ్గర తక్కువ. కానీ ఈ కథనం ఆ నలుగురు ఆచార్యుల గురించి కాదు. ఇలాంటి ప్రతి అధ్యయనంలోనూ ఏ ప్రశ్న ముందు, ఏది తర్వాత అని ప్రశ్నావళి కూర్చేవాళ్లు, నమూనా జాబితాలు సరిచూసేవాళ్లు, వచ్చిన జవాబుల్లో తేడా కనిపిస్తే మళ్లీ ఊరికి వెళ్లేవాళ్లు కొందరుంటారు. వాళ్ల హోదా రీసెర్చ్ అసిస్టెంట్, లేదా ఇంటర్న్. పరిశోధనా పత్రం మొదటి పేజీ అడుగున, కనీ కనిపించని అక్షరాల్లో, కృతజ్ఞతల వరుసలో వాళ్ల పేర్లు ఉంటాయి. ఆ అంకె నిజమా కాదా అన్నది మాత్రం చాలావరకు వాళ్ల చేతిలోనే ఉంటుంది. ఎకనామిక్స్ చదివే పిల్లలు ఇంటర్న్‌షిప్‌ను సర్టిఫికెట్ కోసం చేసే పనిగా చూడటం మానేయాలంటే ఈ సంగతి ముందు తెలియాలి.

2.20 అంటే ఎంత?

బయటినుంచి చూసేవాళ్లకు రీసెర్చ్ అసిస్టెంట్ పని అంటే ఏసీ గదిలో కంప్యూటర్ ముందు గ్రాఫులు గీయడం. గ్రాఫులు చివర్లో వస్తాయి. అంతకు ముందు నెలల తరబడి జరిగేది వేరే పని. ప్రశ్నావళి రాయడం, దాన్ని ఒకటి రెండు ఊళ్లలో పైలట్ చేసి చూడటం, అక్కడ జనం తికమకపడ్డ ప్రశ్నలను మార్చడం, సర్వేయర్లకు శిక్షణ ఇవ్వడం, ట్యాబ్‌లో ఫారం తయారుచేయడం, ప్రతి సాయంత్రం వచ్చిన డేటాను అదే రాత్రి తనిఖీ చేయడం. ఒక సర్వేయర్ గంట పట్టాల్సిన ఇంటర్వ్యూను పదిహేను నిమిషాల్లో ముగిస్తున్నాడా? ఒకరి ఫారాల్లో మాత్రమే 'తెలియదు' అన్న జవాబు ఎక్కువగా వస్తోందా? ఇలాంటివి ఆ రాత్రే పట్టుకోకపోతే బృందం మర్నాడు ఇంకో మండలానికి వెళ్లిపోతుంది.

తర్వాత బ్యాక్ చెక్. సర్వే పూర్తయిన ఇళ్లలో కొన్నింటిని, సాధారణంగా పదింట ఒకదాన్ని, లాటరీలో తీసి వేరే మనిషిని పంపి కొన్ని ప్రశ్నలు మళ్లీ అడిగిస్తారు. రెండు జవాబులూ కలవకపోతే తప్పు ఎక్కడుందో వెతకాలి. సర్వేయర్ ఇంటికి వెళ్లకుండానే రాశాడా? ప్రశ్నే అర్థం కాకుండా ఉందా? మొదటిరోజు భర్త చెబితే రెండోరోజు భార్య చెప్పిందా? తెలుగు ఇళ్లలో మూడోది తరచూ జరుగుతుంది. ఇంటి అప్పు గురించి మగవాళ్లు చెప్పే అంకె, డ్వాక్రా సంఘం కిస్తీ కట్టే ఆడవాళ్లు చెప్పే అంకె ఒకటి కావు. ఎవరిని అడగాలో ముందే నిర్ణయించకపోతే, ఆ తర్వాత ఎంత గొప్ప గణితం వాడినా ప్రయోజనం లేదు.

డేటా క్లీనింగ్ అనే మాట వినగానే విసుగనిపిస్తుంది. కానీ తెలివితేటలకు అసలు పరీక్ష అక్కడే. తెలంగాణ పట్టాదారు పుస్తకంలో 2.20 అని ఉంటే ఎంత భూమి? ఢిల్లీ నుంచో బోస్టన్ నుంచో వచ్చిన కుర్రాడు రెండు ఎకరాల ఇరవై సెంట్లనుకుని 2.2 అని లెక్కిస్తాడు. నల్గొండ పిల్లను అడిగితే వెంటనే చెబుతుంది, అది రెండెకరాల ఇరవై గుంటలని. నలభై గుంటలు ఒక ఎకరం కాబట్టి అది రెండున్నర ఎకరాలు. ఎకరాకు నాలుగు వేల చొప్పున ఆ రైతుకు రావలసింది పది వేలు. 2.2 అని లెక్క కడితే 8,800. ఒక్క రైతు దగ్గరే పన్నెండు వందల తేడా. ఇది లక్షల వరుసలున్న ఫైల్లో జరిగితే, సరిగ్గా చెక్కు అందుకున్న రైతు ఎక్కువ తీసుకున్నవాడిలా కనిపిస్తాడు. భూమి వాస్తవం కంటే తక్కువగా నమోదై, కొందరు లేని పేదరికంలోకి జారతారు. గుంటల సంగతి తెలియకపోయినా జాగ్రత్తగా చూసేవాళ్లకు ఒక ఆనవాలు దొరుకుతుంది. ఆ నిలువు వరుసంతా వెతికినా చుక్క తర్వాతి అంకె 39 దాటదు. నిజమైన దశాంశమైతే 45, 60, 75 ఎక్కడో ఒకచోట తగలాలి. అదే ఫైల్లో గుంటూరు జిల్లా రికార్డులు కలిశాయంటే మళ్లీ చిక్కే, అక్కడ ఎకరానికి వంద సెంట్లు. ఈ ఆనవాలు పట్టడానికి కావలసింది సాఫ్ట్‌వేర్ పరిజ్ఞానం ఒక్కటే కాదు, పొలం గట్టు తెలిసిన బుర్ర.

ఊళ్లోకి వెళ్లినప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "గిదంత రాసుకపోతే మాకేమొస్తది బిడ్డా?" సర్వే చేసిన ప్రతివాళ్లూ విన్నదే. మీకు నేరుగా ఏమీ రాదమ్మా అని నిజం చెప్పడమే సమ్మతి తీసుకోవడంలో మొదటి మెట్టు. ఇష్టం లేకపోతే జవాబు చెప్పక్కర్లేదని, మధ్యలో ఆపేయవచ్చని, పేరు బయటపెట్టమని చెప్పాలి. పింఛను వస్తుందనో, ఇల్లు మంజూరవుతుందనో ఆశపెట్టి జవాబు రాబట్టడం మోసం. అలా వచ్చిన జవాబు కూడా పనికిరాదు. ఇల్లు వస్తుందనుకున్న మనిషి తనకున్న గేదెల సంఖ్య తగ్గించే చెబుతుంది. ఆ స్థానంలో ఎవరున్నా అంతే చేస్తారు.

ఔరేపల్లి చెప్పిన సంగతి

ఈ పని మనకు నిన్న మొన్న అమెరికా నుంచి వచ్చిందేమీ కాదు. 1975లో పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మెట్ట ప్రాంతపు వ్యవసాయ కుటుంబాలను దగ్గర నుంచి చూడటానికి గ్రామ స్థాయి అధ్యయనాలు మొదలుపెట్టింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లి, దోకూరు. మహారాష్ట్రలో షోలాపూర్, అకోలా జిల్లాల్లో రెండేసి ఊళ్లు. ఒక్కో ఊళ్లో నలభై కుటుంబాలు. భూమి లేనివాళ్లు పది, చిన్న రైతులు పది, మధ్య తరగతి రైతులు పది, పెద్ద రైతులు పది. వాళ్ల దగ్గరికి ఏడాదికోసారి వెళ్లి వచ్చేయలేదు. ఇన్వెస్టిగేటర్లు ఊళ్లోనే కాపురముండి, మూడు నాలుగు వారాలకోసారి ప్రతి ఇంటికీ వెళ్లి, ఏం పండింది, ఎంతకు అమ్మారు, ఎవరి దగ్గర చేబదులు తెచ్చారు, కూలికి ఎన్ని రోజులు వెళ్లారు, ఇంట్లో ఎవరికి జబ్బు చేసింది అని రాసుకున్నారు. అలా 1985 దాకా సాగింది. 2001 నుంచి మళ్లీ మొదలైంది.

ఊరిలోనే ఉండే మనిషికి అబద్ధం చెప్పడం కష్టం. అతను పొద్దున్నే మీ పొలం దారినే నడుస్తాడు. ఎవరి బావి ఎండిందో, ఎవరింట్లో పెళ్లి కుదిరిందో అతనికి తెలుసు. ఆ డేటాకు ప్రపంచంలో వచ్చిన గౌరవం వెనుక ఉన్నది ఇదే. ఆ ఊళ్లలోనే ఆర్థికవేత్త హాన్స్ బిన్స్‌వాంగర్ నిజమైన డబ్బు పెట్టి రైతులతో పందెపు ఆటలు ఆడించి, పేదరైతు రిస్కుకు ఎంత దూరంగా ఉంటాడో కొలిచారు. 1994లో మరో ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్, ఔరేపల్లితో పాటు మహారాష్ట్రలోని రెండు ఊళ్ల లెక్కలు తీసుకుని ఎకనామెట్రికా పత్రికలో రాసిన వ్యాసం ప్రపంచమంతటా అభివృద్ధి అర్థశాస్త్ర తరగతుల్లో పాఠమైంది. ఒక ఇంటికి జబ్బో, పని దొరకని రోజులో వచ్చిపడితే ఆ ఇంటి తిండి ఖర్చు మనం భయపడినంతగా పడిపోదని ఆయన గమనించారు. అప్పులు, చేబదుళ్లు, చుట్టరికాలు ఏదోలా ఆదుకుంటాయి. ఒక్కో ఇంటి ఖర్చు ఊరి సగటు ఖర్చుతో కలిసి లేస్తుంది, కలిసి పడుతుంది. అయితే మూడు ఊళ్లలో ఒకచోట భూమి లేనివాళ్లకు ఆ ఆసరా తక్కువగా ఉందని కూడా తేలింది.

ఇందులో విధానం ఎక్కడుంది? సరిగ్గా ఆ 'కలిసి పడుతుంది' అన్న మాట దగ్గరే ఉంది. పక్కింటివాళ్లు ఆదుకోవాలంటే పక్కింట్లో ఏదో ఒకటి ఉండాలి. వాన మొహం చాటేసిన ఏడు ఊరంతా ఒకేసారి మునిగినప్పుడు ఎవరు ఎవరికిస్తారు? ఊరు తన లోపల తాను పంచుకోలేని కష్టం కరవు. అందుకే కరవు పనులకు, ఉపాధి హామీకి, వాతావరణ బీమాకు ప్రభుత్వమో బయటి సంస్థో రావాలి. 2003లో బీమా కంపెనీ ఐసీఐసీఐ లాంబార్డ్, సూక్ష్మరుణ సంస్థ బేసిక్స్ కలిసి మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుశనగ, ఆముదం రైతులకు వర్షపాత బీమా అమ్మి చూశాయి. పంట ఎంత పోయిందని ఎవరూ కొలవనక్కర్లేదు, వానమాపకంలో అంకె ఫలానా స్థాయి కంటే తగ్గితే పరిహారం వస్తుంది. కాగితం మీద చక్కటి ఆలోచన. కానీ కొన్నవాళ్లు తక్కువ. ఎందుకు కొనలేదో తెలుసుకోవడానికి టౌన్‌సెండ్, సేవియర్ జినే తదితరులు మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో సర్వేలు చేశారు. విత్తనం వేసే వేళకు చేతిలో డబ్బుండదు, బీమా అమ్మడానికి వచ్చిన మనిషి మీద నమ్మకముండదు. ఈ రెండూ గట్టి కారణాలని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. ఊళ్లో నమ్మకమున్న సంస్థ మనిషి పరిచయం చేస్తే కొనేవాళ్లు పెరిగారు. బీమా ధర ఒక్కటే సరిచేస్తే రైతు కొంటాడని లెక్కవేసుకున్న విధానకర్తకు ఇది చాలా పెద్ద సమాచారం. దాన్ని తెచ్చినవాళ్లు ఎండలో ఇల్లిల్లూ తిరిగిన సర్వే బృందాలు.

ఆ పేరుతో మనిషి ఉన్నాడా?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, సామాజిక పింఛన్లు ఒకప్పుడు పోస్టాఫీసుల ద్వారానో, పంచాయతీ మనుషుల చేతుల మీదుగానో అందేవి. వేలిముద్రతో పనిచేసే స్మార్ట్‌కార్డులు తెచ్చి, ఊళ్లోనే చెల్లింపు జరిగేలా ప్రభుత్వం ఏర్పాటు చేసింది. ఆదిలాబాద్, అనంతపురం, కడప, ఖమ్మం, కర్నూలు, నల్గొండ, నెల్లూరు, విజయనగరం జిల్లాల్లో ఏ మండలానికి ముందు కార్డులు ఇవ్వాలి, ఏ మండలానికి తర్వాత ఇవ్వాలి అన్నది లాటరీతో నిర్ణయించారు. అధ్యయనంలో 157 మండలాలు, వాటిలో దాదాపు కోటీ తొంభై లక్షల జనాభా. మురళీధరన్, నీహౌస్, సుఖ్తంకర్ చేసిన ఈ పని 2016లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో వచ్చింది.

అవినీతిని ఎలా కొలవాలి? లంచం తిన్నవాడు రసీదు ఇవ్వడు. వీళ్లు పట్టిన దారి ఇది. ప్రభుత్వ రికార్డులో ఫలానా జాబ్‌కార్డుకు ఫలానా వారం ఇంత చెల్లించామని ఉంటుంది. అదే ఇంటికి వెళ్లి ఆ వారం ఎన్ని రోజులు పని చేశారు, ఎంత చేతికొచ్చింది అని అడుగుతారు. రెండింటి తేడాయే దారిలో కారిపోయిన సొమ్ము. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు చూడండి. జాబితాలో ఉన్న పేరుతో ఆ ఊళ్లో మనిషే కనిపించడు. దొంగ పేరని రాసేయాలా? కర్నూలు పశ్చిమ ప్రాంతపు ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్తాయి. ఇంటికి తాళం, అడిగితే పక్కింటి అవ్వకు సరిగా వినబడదు. ఊళ్లో ఒక పేరు రికార్డులో ఒక పేరు ఉన్నవాళ్లుంటారు. పెళ్లై అత్తారింటికి వెళ్లిన పిల్ల ఉంటుంది. చనిపోయినవాళ్లుంటారు. నిజంగానే పుట్టని మనుషులూ ఉంటారు. వీటిలో ఏది ఏదో తేల్చకుండా ఒకే గడిలో టిక్కు పెడితే, వలస వెళ్లిన పేదవాడు దొంగల లెక్కలో పడతాడు, లేదా అసలు దొంగ తప్పించుకుంటాడు. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగును అడిగి, వార్డు సభ్యుణ్ణి అడిగి, మళ్లీ ఇంకో పూట వచ్చి చూస్తేగానీ ఆ ఒక్క గడి నిండదు. నేను ఈ కథనం రాయాలనుకున్నది ముఖ్యంగా ఆ గడి కోసమే.

అలా నిండిన గడులన్నీ కలిపితే వచ్చిన ఫలితం: స్మార్ట్‌కార్డు మండలాల్లో కూలి త్వరగా, చెప్పిన వేళకు అందింది. ప్రభుత్వం పెట్టే ఖర్చు పెరగకుండానే ఉపాధి హామీ కుటుంబాల వారపు కూలి రాబడి 24 శాతం పెరిగింది. మధ్యలో పోయేది తగ్గింది. కార్డు లేదన్న కారణంతో పేదలను బయటికి నెట్టిన దాఖలాలు కనబడలేదు, ఎందుకంటే కార్డు లేనివాళ్లకు పాత పద్ధతిలో ఇవ్వడం కొనసాగించారు. పాతదా కొత్తదా అని అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది కొత్తదే కావాలన్నారు.

ఈ చివరి అంకెకు ప్రత్యేకమైన విలువుంది. పథకం వల్ల పై సంపాదన పోయినవాళ్లు కొద్దిమందే అయినా వాళ్ల గొంతు నాయకుల దాకా వినిపిస్తుంది. మేలు పొందినవాళ్లు లక్షల్లో ఉన్నా, కూలి సరిగా వచ్చిందని ఎవరూ హైదరాబాద్ వెళ్లి చెప్పరు. ఒక దశలో కింది నుంచి వచ్చిన ఫిర్యాదులతో పథకాన్ని ఎత్తేసే ఆలోచన దాకా వెళ్లింది. లబ్ధిదారుల అభిప్రాయం లెక్కలతో సహా ప్రభుత్వం ముందుకు వచ్చింది, పథకం నిలిచింది. నోరు లేనివాళ్ల మాటను లెక్కల్లో పెట్టి సచివాలయం మెట్లెక్కించడం కూడా రీసెర్చ్ అసిస్టెంట్ పనిలో భాగమే.

వేలిముద్ర పెట్టినచోటల్లా మేలే జరుగుతుందని దీన్నుంచి తీర్మానించకూడదు. ఇదే ఆర్థికవేత్తలు తర్వాత జార్ఖండ్‌లో రేషన్ దుకాణాల ఆధార్ వేలిముద్రల మీద చేసిన అధ్యయనంలో కథ వేరుగా ఉంది. అక్కడ వేలిముద్ర తప్పనిసరి చేశారు. ఆధార్ జతకాని నిజమైన పేదలు కొందరు బియ్యం కోల్పోయారు. యంత్రం అదే, నియమం వేరు. ఆ తేడాను ఢిల్లీ డ్యాష్‌బోర్డు చూపించదు, ఎందుకంటే బియ్యం దొరక్క వెనుదిరిగిన మనిషి లావాదేవీల్లో నమోదు కాడు. ఆ మనిషి ఇంటికి ఎవరో ఒకరు వెళ్లి అడగాలి.

ఐదు దేశాలు తప్పిపోయిన పట్టిక

ఊరికి వెళ్లకుండా, కంప్యూటర్ ముందే కూర్చుని చేసిన శ్రద్ధ కూడా ప్రపంచ విధానాలను కదిలించిన సందర్భం ఉంది. ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రొగాఫ్ 2010లో ఒక వ్యాసం రాశారు. దేశపు అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి బాగా పడిపోతుందని దాని సారాంశం. యూరప్‌లోనూ అమెరికాలోనూ ప్రభుత్వ ఖర్చు కోయాలన్న నాయకులు ఆ అంకెను జెండాలా పట్టుకున్నారు. పింఛన్లు, జీతాలు, ఆసుపత్రుల ఖర్చులు ఆ వాదనల మధ్య తెగిపోయాయి.

మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో థామస్ హెర్న్‌డన్ అనే పరిశోధక విద్యార్థి క్లాసు అసైన్‌మెంటుగా ఆ ఫలితాన్ని తిరిగి రాబట్టడానికి కూర్చున్నాడు. ఎన్నిసార్లు చేసినా అదే అంకె రాలేదు. రచయితలను అడిగి వాళ్ల ఎక్సెల్ ఫైలు తెప్పించుకున్నాడు. సగటు తీసే సూత్రంలో కొన్ని వరుసలు చేరలేదు. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోకే రాలేదు. ఇంకా కొన్ని సంవత్సరాల డేటా వదిలేయడం, సగటు కట్టిన పద్ధతి కూడా కలిసి, అప్పు ఎక్కువున్న దేశాల సగటు వృద్ధిని మైనస్ 0.1 శాతంగా చూపాయి. హెర్న్‌డన్, ఆయన అధ్యాపకులు మైకేల్ ఆష్, రాబర్ట్ పోలిన్ 2013లో సరిచేసి చూస్తే అది 2.2 శాతం. ఎక్సెల్ పొరపాటును రైన్‌హార్ట్, రొగాఫ్ ఒప్పుకున్నారు. అప్పుకూ వృద్ధికీ మధ్య సంబంధం ఉందన్న తమ వాదనను మాత్రం వదల్లేదు. ఆ చర్చ ఇంకా ఉంది. కానీ 90 అన్న గీత అంత గట్టిది కాదని అప్పటి నుంచీ అందరికీ తెలుసు. ఈ రోజు పెద్ద పత్రికలు వ్యాసంతో పాటు డేటా, కోడ్ కూడా ఇవ్వమంటున్నాయి. వాటిని మొదటి నుంచి చివరిదాకా మళ్లీ నడిపించి చూసే పని చాలాచోట్ల రీసెర్చ్ అసిస్టెంట్లదే.

అంకె చెప్పనివి

అంకె వచ్చేసింది కాబట్టి నిర్ణయం దానంతట అదే జరిగిపోతుందనుకుంటే ఆ రీసెర్చ్ అసిస్టెంట్లు నిరాశపడతారు. హైదరాబాద్‌లోని 104 బస్తీల్లో సగం చోట్ల స్పందన సంస్థ సూక్ష్మరుణాలు ముందు మొదలుపెట్టగా, అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్, సింథియా కిన్నన్ వాటి ఫలితాన్ని కొన్నేళ్లపాటు కొలిచారు. అప్పు తీసుకున్నవాళ్లు అనుకున్నంత మంది లేరు. కొన్ని చిన్న వ్యాపారాలు పుంజుకున్నాయి. తలసరి ఖర్చు పెరగలేదు. పిల్లల చదువులో, ఆడవాళ్ల నిర్ణయాధికారంలో గమనించదగ్గ మార్పు రాలేదు. అంటే సూక్ష్మరుణం పేదరికానికి మందూ కాదు, ఆ బస్తీల్లో విషమూ కాలేదు. ఇంతలో పల్లెల్లో వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తలు. 2010 అక్టోబర్‌లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఈ వసూళ్లను కట్టడి చేసే ఆర్డినెన్స్ తెచ్చింది, వసూళ్లు దాదాపు ఆగిపోయాయి. సగటు ప్రభావం ఎంత అన్నది ఆ అధ్యయనం అడిగిన ప్రశ్న. గుమ్మం ముందు కూర్చుని పరువు తీసే ఏజెంటును ఏం చేయాలన్నది ప్రభుత్వం ముందున్న ప్రశ్న. ఒకదాని జవాబు రెండోదానికి సరిపోదు.

సాక్ష్యం ఒకటి, విధానం ఒకటి అని ఆర్థికవేత్త జ్యాఁ ద్రెజ్ పదేపదే చెబుతారు. నిర్ణయంలో విలువలుంటాయి, హక్కులుంటాయి, రాజకీయముంటుంది. ఒకచోట లాటరీ ప్రయోగంలో తేలింది ఇంకోచోట వర్తిస్తుందా అన్న అనుమానాన్ని 2015 నోబెల్ గ్రహీత ఆంగస్ డీటన్ గట్టిగా లేవనెత్తారు. లాటరీలో తర్వాతి వంతు వచ్చిన మండలం కూలీలు అంతకాలం ఆగాల్సి రావడం న్యాయమేనా అన్న ప్రశ్న కూడా కొట్టిపారేయదగ్గది కాదు. ఎలాగూ అందరికీ ఒకేసారి ఇవ్వలేని పరిస్థితిలో లాటరీ నిష్పాక్షికం అన్నది నా అభిప్రాయం. ఇవ్వగలిగి ఉండి ప్రయోగం కోసం ఆపితే మాత్రం అది తప్పే. ఈ సందేహాలు తెలిసిన ఇంటర్నే మంచి పరిశోధకుడవుతాడు.

మన పిల్లలు ఎక్కడ?

నాకు బాధ కలిగించే విషయం ఇక్కడుంది. తెలుగు పల్లెల మీద ప్రపంచస్థాయి అధ్యయనాలు ఇన్ని జరిగాయి. వాటిలో ఇల్లిల్లూ తిరిగిన సర్వేయర్లు మనవాళ్లే. ఆ పైమెట్టు రీసెర్చ్ అసిస్టెంట్ కొలువు కోసం వచ్చే ప్రకటనలు చూడండి. మంచి ఇంగ్లిష్, స్టాటా లేదా ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్, పేరున్న విశ్వవిద్యాలయంలో పీజీ. స్టాటా లైసెన్సు కల్వకుర్తి డిగ్రీ కాలేజీలో ఎక్కడుంటుంది? ఆర్ ఉచితమే, నేర్పేవాళ్లు కావాలి. ఇక నీతి ఆయోగ్ ఇంటర్న్‌షిప్‌కు స్టైపెండ్ లేదు. ఢిల్లీలో నెలన్నర సొంత ఖర్చుతో ఉండగలిగిన ఇంటి పిల్లలకే ఆ తలుపు తెరుచుకుంటుంది. కూలి ఎప్పుడొస్తుందో తెలియక ఎదురుచూసిన ఇంట్లో పుట్టిన అమ్మాయి, కూలి చెల్లింపుల ఆలస్యం మీద పరిశోధన చేయలేకపోతోంది. ఆమెకు వచ్చే ప్రశ్నలు వేరేవాళ్లకు రావు. ఇది న్యాయం గురించిన మాటే కాదు, పరిశోధన నాణ్యత గురించిన మాట కూడా. 2.20 సంగతి ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇందుకు ఒక దారి ఇప్పటికే ఉంది. ఉన్నత విద్యామండలి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. అందులో మొదటి విడత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. వేసవిలో విద్యార్థి ఒక ఊరిని ఎంచుకుని ఇల్లిల్లూ తిరిగి సామాజిక, ఆర్థిక సర్వే చేసి నివేదిక రాయాలి. ఒక్కసారి ఆలోచించండి. ఏటా ఇంతమంది చదువుకున్న పిల్లలు రాష్ట్రమంతటా గడపలు ఎక్కుతున్నారు. వాళ్ల ప్రశ్నావళులు ఒకదానితో ఒకటి కలవవు, ఇళ్ల ఎంపికకు పద్ధతి ఉండదు, బ్యాక్ చెక్ ఉండదు. మార్కులు వేశాక ఆ నివేదికలు ఏమవుతున్నాయి?

చేయవలసింది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. ఒక మండలంలోని కాలేజీలన్నిటికీ ఒకే చిన్న ప్రశ్నావళి ఇవ్వాలి. నలభై ఇళ్లను ఓటర్ల జాబితా నుంచి లాటరీలో తీయడం నేర్పాలి. పదింట ఒక ఇంటికి పక్క కాలేజీ విద్యార్థిని పంపి సరిచూడాలి. రాష్ట్ర అర్థగణాంక శాఖ ఆ డేటాను, పేర్లు తీసేసి, అందరికీ అందుబాటులో పెట్టాలి. బాగా చేసినవాళ్లను మరుసటి ఏడు స్టైపెండ్ ఇచ్చి అదే శాఖలో రీసెర్చ్ అసిస్టెంట్లుగా తీసుకోవాలి. వాళ్ల ప్రశ్నలు ఆ ఏటి పథకాల మీదే ఉండాలి. రేషన్ అందిందా, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎన్ని నెలలు ఆలస్యమైంది, ప్రభుత్వ వైద్య పథకం కార్డున్నా ఆసుపత్రిలో చేతినుంచి ఎంత కట్టారు. ఆ జవాబులు ముందు వెళ్లవలసింది మండలాఫీసుకు, ఆ తర్వాతే అమరావతికి. రైతుబంధు ఫోన్ల విషయంలో అధికారులను కదిలించింది, తమ మండలం సంగతి బయటికి తెలుస్తుందన్న ఎరుకే.

అంతదాకా ఆగనక్కర్లేని పిల్లలకు ఒక సంగతి. జాతీయ నమూనా సర్వేల యూనిట్ స్థాయి డేటా కేంద్ర గణాంక శాఖ వెబ్‌సైటులో ఉచితం. 2017లో మొదలైన శ్రామిక శక్తి సర్వే, 2022–23 గృహ వినియోగ వ్యయ సర్వే అందులో ఉన్నాయి. పేరు నమోదు చేసుకుంటే చాలు. ఇక్రిశాట్ తన గ్రామ డేటాను కూడా బయట పెట్టింది. ఔరేపల్లి ఇళ్ల లెక్కలు అందులో దొరుకుతాయి. ఆర్ ఉచితంగా దిగుతుంది. మీ జిల్లాలో గత వారం పని దొరకని ఆడవాళ్లు ఎంతమంది అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. మీ జిల్లా నమూనాలో ఎన్ని ఇళ్లున్నాయో ముందు చూసుకోండి. మరీ తక్కువుంటే ఆ అంకె మీద ఆధారపడకూడదు. అప్పుడు పక్క జిల్లాలను కలపాలా, రెండు మూడేళ్ల డేటా కలపాలా అన్నది మీరే తేల్చుకోవాలి.